ఫ్యాను వేయని గది

మీరు పనిచేసే గదిలో ఎంత వేడి ఉంటుందో ఎప్పుడైనా కొలిచారా? ఉక్కగా ఉందని విసుక్కుని ఉంటారు. చేతికందిన కాగితంతో విసురుకుని ఉంటారు. ఈ ఏడు ఎండలు ఎక్కువని పక్కవాళ్లతో అని ఉంటారు. కొలిచారా అని అడుగుతున్నాను.

నేనూ కొలవలేదు. కోడంబాక్కంలో ఒక కార్టూన్ స్టూడియోలో రెండు వేసవులు గడిచాక గాని నాకా ఊహ రాలేదు. రుజువు లేనిదే దేన్నీ నమ్మనని చెప్పుకు తిరిగే మనిషిని. మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం ఆదివారం చర్చలు జరిగేవి. జాతకాలు, ముహూర్తాలు, దిష్టి, శకునాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి కోసేవాళ్లం. ఎదుటివాడి మాటనే పట్టుకుని ఎదుటివాణ్ణి ఎలా కూర్చోబెట్టాలో అక్కడే నేర్చుకున్నాను. ఆ విద్యతోనే మద్రాసు వచ్చాను. దానితోపాటు డ్రాయింగు పరీక్ష ప్యాసయిన కాగితం కూడా ఉంది గనక పని దొరికింది.

ఆ పని ఏమిటో చెప్పాలి. తొంభైల మొదట్లో, కంప్యూటర్లు ఇంకా రాకముందు, బొమ్మల సినిమాలో ప్రతి కదలికనూ చేత్తోనే గీసేవాళ్లు. కాగితం మీది బొమ్మను పలచటి ప్లాస్టిక్ షీటు మీదికి సన్నటి ఇంకుగీతతో ఎక్కించాలి. షీటును తిరగేసి వెనకవైపు రంగులు నింపాలి. అవతలి వస్తువు కనిపించే ఆ షీటును సెల్ అనేవాళ్లం. కుందేలు ఒక్కసారి చెవి ఆడించాలంటే పది పన్నెండు సెల్స్ కావాలి. అద్దం బల్లలు, వాటి కింద ట్యూబులైట్లు, వాటి మీదికి వంగిన పన్నెండు మంది ఆడవాళ్లం. కుడిచేతికి తెల్లటి నూలు గ్లవుజు ఉండేది. బ్రష్షు పట్టుకునే వేళ్ల దగ్గర మాత్రం కత్తెరతో కత్తిరించుకునేవాళ్లం. వేలిముద్ర పడితే సెల్ పాడైనట్టే. చెమటచుక్క పడితే ఇంకు పాకి కుందేలుకు మీసాలు మొలిచేవి.

దుమ్ము రాకుండా కిటికీలు మూసి ఉంచేవాళ్లు. ఆరని రంగు మీద సెల్స్ ఎగిరి పడకుండా ఫ్యాను ఆపి ఉంచేవాళ్లు. మధ్యాహ్నం అన్నం తినే అరగంట మాత్రమే అది తిరిగేది. గోడ అవతల కెమెరా గది, అందులో ఏసీ. అది మనుషుల కోసం పెట్టింది కాదు, కెమెరా కోసం, ఫిల్ము కోసం. పూర్తయిన సెల్స్ అప్పగించే వంకతో వెళ్లి, అక్కడ రెండు నిమిషాలు ఎక్కువ నిలబడి రావడం మాకు పండగ.

మాలో అందరికంటే పెద్దావిడను పెద్దక్క అనేవాళ్లం. తాతముత్తాతల నుంచి మద్రాసులోనే ఉన్న తెలుగువాళ్లు. కోపం వస్తే తమిళంలోకి మారిపోయేది. కొత్త పని ఏది వచ్చినా మొదటి సెల్‌కు ఆమే రంగు వేయాలి. కర్పూరం వెలిగించి, ఆమె బ్రష్షు పెట్టాక గాని మిగతావాళ్లం బ్రష్షు ముట్టకూడదు. ఎందుకంటే ఆమెది చల్లని చెయ్యి. మేలో కూడా ఆ అరచేతికి చెమట పట్టేది కాదు. అది కైరాశి అని, అంటే మంచి హస్తవాసి అని, ఆ చెయ్యి పడితే పని ఆగదని స్టూడియో అంతా నమ్మేది. చెమట పట్టే చేతులకు వేడి చేతులని పేరు. వేడి చేతివాళ్లను వెనక షెడ్డులోకి పంపేవాళ్లు. వాడేసిన సెల్స్‌ను మందు కలిపిన నీళ్లలో కడిగి, మళ్లీ వాడకానికి పనికొచ్చేలా చేయడం అక్కడి పని. షెడ్డుకు వెళ్లినవాళ్లు తిరిగి బల్ల దగ్గరికి వచ్చింది నేను చూడలేదు.

ఆ ఏడాది గోదావరి జిల్లా నుంచి ఒక అమ్మాయి చేరింది. మా అందరిలోకీ గీత బాగా కుదిరిన చెయ్యి ఆమెది. కాని చెమట పట్టేది. ఒకే వారంలో మూడు సెల్స్ పాడయ్యాయి. ఓనరు వచ్చి వాటిని లైటుకు అడ్డం పెట్టి చూశాడు. "వేడి చెయ్యమ్మా నీది. వచ్చే నెల నుంచి షెడ్డులో కూర్చో" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. జ్వరం ఉందని చెప్పే డాక్టరులా చెప్పి వెళ్లాడు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి టిఫిను డబ్బా మూత తియ్యకుండా కూర్చుంది.

"కడగడానికైతే ఇంత దూరం రావాలా అక్కా? మా ఊళ్లో అంట్లు లేవేంటి?" అంది.

నాకు కోపం వచ్చింది. రావలసిన కోపమే. అయితే దాన్ని తీసుకెళ్లి ఓనరు మీద కాకుండా, దగ్గర్లో ఉన్న పెద్దక్క మీద పెట్టాను.

"చేతికి రాశేమిటక్కా? చెమటకు జాతకం ఉంటుందా?"

పెద్దక్క పెరుగన్నం కలుపుతూ, "నువ్వు సదువుకున్నదానివి పాపా. నాకేం తెలుసు. ఈడ ఇరవై ఏండ్లుగా చూస్తా ఉండా. కొన్ని చేతులు చల్లన, కొన్ని వేడి. అంతే దా" అంది.

"మీ చెయ్యి పడితే పని ఆగదంటారు. పోయిన నెల సబ్బు ప్రకటనకు మొదటి రంగు మీరే వేశారు. సగంలో ఎందుకు ఆగిపోయింది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దక్క డబ్బా మూసింది.

"సరి. నా చేతిలో రాశి లేదనే పెట్టుకో. నీ నోటికి మాత్రం చెమటే పట్టదు పాపా" అని లేచి వెళ్లిపోయింది.

వాదం గెలిచాను. ఆ గెలుపు ఎంత చేటు చేసిందో మరుసటి వారం తెలిసింది.

కోడంబాక్కం స్టేషనుకు దగ్గర్లోని ఒక సందులో సినిమా కార్మికుల సంఘం ఆఫీసు ఉండేది. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. కార్యదర్శి నెమ్మదస్తుడు. మా మాటలన్నీ విని రిజిస్టరు తెరిచాడు. అందులో లైట్లవాళ్లు, మేకప్పువాళ్లు, బట్టలవాళ్లు, సెట్లు వేసే వడ్రంగులు, అందరికీ వేరువేరు పేజీలున్నాయి.

"మీరు కెమెరా ముందా, వెనకా?" అన్నాడు.

"కిందండీ. మేం గీసింది కెమెరా కింద పెట్టి తీస్తారు" అంది ఆ అమ్మాయి.

ఆయన నవ్వి, రిజిస్టరు మూశాడు. "కిందివాళ్లకు పేజీ లేదమ్మా. సంఘం సభ్యత్వ కార్డు సంగతి సర్వసభ్య సమావేశంలో పెట్టాలి. ఈలోగా మీ గది సంగతి నేను వచ్చి మాట్లాడతాను. పన్నెండు మందీ సంతకాలు పెట్టిన అర్జీ తెండి. పదకొండు తెస్తే మాత్రం రాను. ఆ మిగిలిన ఒక్కరినే మీ ఓనరు సాక్ష్యం తెచ్చుకుంటాడు."

అర్జీ ఆ రాత్రే రాశాను. సంతకం మాత్రం ఒక్కటీ పడలేదు, నాది కూడా. "అక్క పెట్టనీ, ఆమె వెనక మేమూ పెడతాం" అన్నారు అందరూ. మొదటి రంగు వేయని చోట బ్రష్షు ముట్టనివాళ్లు మొదటి సంతకం పడని కాగితం ముడతారా? పెద్దక్క అర్జీ వైపు చూడను కూడా చూడలేదు. నా వైపు అసలే చూడలేదు.

అప్పుడు, రావలసిన దానికంటే రెండేళ్లు ఆలస్యంగా, నాకు తర్కం గుర్తొచ్చింది. సౌకార్‌పేట బజారుకు వెళ్లి గోడకు తగిలించే థర్మామీటరు ఒకటి కొన్నాను. మా గదిలో క్యాలెండరు మేకుకు తగిలించి, రోజుకు మూడుసార్లు చూసి నోటుపుస్తకంలో రాశాను. సెల్స్ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా కెమెరా గదిలో కూడా పెట్టి చూశాను. గోడకు ఇటువైపు ముప్పైతొమ్మిది ఉంటే అటువైపు ఇరవైనాలుగు. పదిహేను రోజులు రాశాను.

ఆ చివరి రోజు మధ్యాహ్నం కెమెరామన్‌ను బతిమాలి, ఆ అమ్మాయిని కెమెరా గదిలో కూర్చోబెట్టాను. అన్నం మానేసి ఆరు సెల్స్‌కు రంగు వేసింది. ఒక్క మచ్చ పడలేదు. అరచెయ్యి పొడిగా ఉంది. ఆ ఆరూ తీసుకుని పెద్దక్క ముందు పెట్టాను. ఇంకో ఉపన్యాసం నాలుక చివర సిద్ధంగా ఉంది. అప్పుడామె కాఫీ తాగుతోంది.

పెద్దక్క సెల్స్ చూడలేదు. ఆ అమ్మాయి చెయ్యి తీసుకుని, తిరగేసి, వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. తర్వాత కాఫీ లోటా నా చేతికిచ్చింది. నేను వెంటనే బల్ల మీద పెట్టేశాను. కాలిపోతోంది. అప్పుడే పొయ్యి మీంచి దించిన కాఫీ. ఆమె దాన్ని అరచేతిలో పొదివి పట్టుకుని తాగుతుంటే రెండేళ్లుగా చూస్తున్నాను. ఎలా పట్టుకుంటున్నావని అడగలేదు.

"కాలేది నాకు తెలీదు పాపా" అంది పెద్దక్క. "ఆ షెడ్డులో ఎనిమిదేండ్లు ఉండా. ఆ మందు నీళ్లలో ఒట్టి చేతులు. తోలు పోయి తోలు వచ్చె, మళ్లా పోయె. ఆ పైన చెమట రాలే. పెద్దాసుపత్రిలో చూసి, ఇది ఇంక ఇంతేమ్మా అన్నారు. ఈడ చూస్తే చల్లని చెయ్యి అనేసి బ్రష్షు ఇచ్చిరి."

"మరి చెప్పలేదేంటక్కా?"

"ఏమని చెప్పేది? రోగం అనుంటే ఆ షెడ్డులోనే ఉంటా. రాశి అన్నారు, ఈడ కూచోబెట్టినారు. నువ్వు వచ్చి అందరి ముందర రాశి లేదు, ఏమీ లేదు అంటివి. రాశి లేకపోతే నేను ఏడకు పోవాల?"

ఎదుటివాడి మాటలో తప్పు ఎక్కడుందో వెతకడం మా గ్రంథాలయం నేర్పింది. ఆ మాట పోతే ఎదుటివాడికి ఏం పోతుందో అడగడం నేర్పలేదు. నా వాదంలో అణువంత అబద్ధం లేదు. అది పెద్దక్క కూర్చున్న బల్లను లాగేస్తోందని మాత్రం నాకు తెలియలేదు.

"ఈ బిడ్డను ఆడికి పంపేది నాకు ఇష్టమనుకుంటివా?" అంటూ పెద్దక్క అర్జీ అడిగి తీసుకుంది. మొత్తం నాచేత చదివించుకుంది. "షెడ్డులో వాళ్లకు రబ్బరు గ్లవుజులు అని రాయి. అది లేకుండా పెట్టను" అంది. రాశాను. గీతలు గీసే సన్నటి పెన్ను ఇంకులో ముంచి, కాగితం అడుగున, గీత ఎక్కడా వణకకుండా తమిళంలో సంతకం చేసింది.

కాగితం చేతులు మారింది. సాయంత్రానికి పన్నెండు సంతకాలూ పడ్డాయి. "అక్క చెయ్యి పడింది, ఇంక ఆగదు" అంటూనే పెట్టారు కొందరు. మూఢనమ్మకం మీద ఉపన్యాసం ఇవ్వడానికి అంతకంటే మంచి సందర్భం నాకు దొరకదు. ఇవ్వలేదు. దేన్ని కొట్టిపారేయాలని వచ్చానో అదే ఆ రోజు మమ్మల్ని ఒక కాగితం మీదికి చేర్చింది. అది నాకు ఈనాటికీ పూర్తిగా మింగుడుపడలేదు. మింగుడుపడకపోయినా అలాగే జరిగింది.

కార్యదర్శి మాట ప్రకారం వచ్చాడు. ఓనరు మొదట నవ్వాడు. "ఫ్యాను వేస్తే సెల్స్ ఎగురుతాయి. వాళ్లకే తెలుసు కదండీ" అన్నాడు.

నోటుపుస్తకం బల్ల మీద పెట్టాను. ఓనరు పేజీలు తిప్పి, "అసలీ థర్మామీటరు ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు.

"వద్దని కూడా ఎవరూ అనలేదు కదా" అన్నాడు కార్యదర్శి.

పెద్దక్క మాట్లాడింది. "ఫ్యాను వద్దు సార్. ఈ గోడకు ఒక కిటికీ కొట్టండి. ఆ చల్లగాలి కొంచెం ఇటు వస్తే సాలు."

"కెమెరాకు వేడి తగలదా?"

"తగలనీండి. మా సంగతి దానికీ కొంచెం తెలియనీండి."

ఓనరు కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. నెల తిరక్కుండానే ఆ గోడకు రెండడుగుల కిటికీ పడింది. రెండు గంటలకోసారి బ్రష్షులు దించి కాసేపు ఫ్యాను వేసుకునే ఏర్పాటు కుదిరింది. షెడ్డులోకి రబ్బరు గ్లవుజులు వచ్చాయి. ఆ అమ్మాయి బల్ల దగ్గరే ఉండిపోయింది. తర్వాతి పనికి మొదటి రంగు పెద్దక్క వేయలేదు. బ్రష్షు ఆ అమ్మాయి చేతికిచ్చి, "వెయ్యి, ఏమీ కాదు" అంది. ఏమీ కాలేదు.

ఇదంతా విజయమని రాసి ముగించేస్తే అబద్ధమవుతుంది. మాకు సంఘం కార్డు రాలేదు. మా పని సినిమా అవునా కాదా అన్న చర్చ ఒక సమావేశం నుంచి ఇంకో సమావేశానికి వాయిదా పడుతూ పోయింది. ఈలోగా కంప్యూటర్లు వచ్చాయి. రంగులు నింపడానికి ఇంతమంది అక్కర్లేదన్నారు. కార్డున్న వాళ్ల తరఫున అడగడానికి సంఘం వెళ్లింది. మా తరఫున అడగడానికి ఎవరికీ అధికారం లేదు. ఒక శుక్రవారం బల్లల కింద ట్యూబులైట్లు ఆర్పేసి, గ్లవుజులు విప్పి వచ్చేశాం. కొట్టించుకున్న కిటికీ గోడలోనే ఉండిపోయింది. అర్జీ రాసినప్పుడు కార్డు సంగతి ముందు, గది సంగతి తర్వాత రాయవలసింది. ఆ తప్పు నాది.

వచ్చేసేటప్పుడు థర్మామీటరు ఆ అమ్మాయికిచ్చాను. ఆమె మౌసుతో రంగులు నింపడం నేర్చుకుని వేరే కంపెనీలో చేరింది. కొన్నాళ్లకు ఫోను చేసింది.

"ఇక్కడ ఏసీ ఉందక్కా. కంప్యూటర్ల కోసమంట. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

"ఎంతుందో కొలిచావా?"

"మేకు కొట్టేశాను. పుస్తకం కూడా కొన్నాను. కార్డు ఎక్కడ అడగాలో కూడా కనుక్కుంటన్నా."

మొదట అడిగిన ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే, రేపు పనికి వెళ్లేటప్పుడు ఒక థర్మామీటరు వెంట తీసుకెళ్లండి. గోడకు తగిలించండి. పదిహేను రోజులు చూసి రాయండి. మీ పక్కన పనిచేసే మనిషి చెయ్యి ఎలా ఉందో, ఎందుకలా ఉందో వాదించకుండా అడగండి. సంఘం ఉంటే చేరండి, మీ పనికి పేజీ లేదంటే కొత్త పేజీ తెరవమని పట్టుబట్టండి. చల్లని చెయ్యి కోసం ఎదురుచూడకుండా అర్జీ మీద మొదటి సంతకం మీరే పెట్టండి.