గుండుతో ఎనిమిదో తరగతి

బడి తెరిచిన రోజు మధ్యాహ్నానికల్లా క్లాసు వాట్సాప్ గ్రూపులో నలభై ఫొటోలు పడ్డాయి. గేటుకు బెలూన్లు, పిల్లల నుదుట బొట్లు, చేతిలో గులాబీలు. అన్నీ పెద్దవి చేసి చూశాను. మా అమ్మాయి ఎక్కడా లేదు. రెండోసారి వెతికితే ఒక ఫొటో అంచున, సైకిళ్ల పక్కన, తలకు స్కార్ఫు కట్టుకుని విడిగా నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

కిందటి వానాకాలం పిల్లకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతుంటే, తెనాలి ఆసుపత్రి వరండాలో నిలబడి దాని తలనీలాలు ఇస్తానని వెంకన్నకు మొక్కుకున్నాను. పిల్ల లేచి కూర్చుంది. కొండకు వెళ్లడం మే నెలాఖరుకు గానీ కుదరలేదు. రేపల్లె నుంచి మా అత్తగారు ఫోన్ చేసి, "పెద్దపిల్ల అయిందమ్మా, దసరా సెలవుల దాకా ఆగకూడదా?" అన్నారు. "దసరాకైనా అదే తల కదా అత్తయ్యా" అని ఆవిడ నోరు మూయించాను. బడి తెరిచేనాటికి దాని తల మీద దువ్వెన ఆనేంత జుట్టు కూడా లేదు.

సాయంత్రం పిల్ల రాగానే ఫోన్ దాని ముందు పెట్టాను.

"రెండు జడలు లేవు కదా, ఫొటోలో బాగోదన్నారు. వదిలెయ్యమ్మా. నువ్వు మాత్రం బడికి రాకు" అంది.

నేను వినే మనిషినా? మర్నాడు ప్రార్థన అయ్యేసరికి బడి వరండాలో ఉన్నాను. ఇన్‌ఛార్జి మేడం నవ్వుతూనే ఎదురొచ్చింది.

"ఎండగా ఉందని నీడలో నిలబెట్టామండి."

"మిగతా పిల్లలకి ఎండ లేదాండి?"

"అది కాదండి, బడి ఫేస్‌బుక్ పేజీలో పెట్టే ఫొటోలు కదా..."

పేజీ! జబ్బు చేసి లేచిన పిల్లను పేజీ కోసం సైకిళ్ల పక్కన నిలబెట్టారు. నా చెవులే గింగురుమనేలా అరిచాను. పిల్లలు కిటికీల దగ్గర మూగారు. మా అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నేను ఆ చెయ్యే పట్టుకుని బయటికి లాగాను.

"ఏం తక్కువండీ ఈ పిల్లకి? చూడండి, బాగా చూడండి!" అంటూ దాని స్కార్ఫు లాగేశాను.

కిటికీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం కంగారుగా క్షమించమంది, ఫొటో మళ్లీ తీయిస్తానంది. నేను గెలిచాననుకుని స్కూటీ మీద ఇంటికొచ్చాను.

బాపట్లలో ఉద్యోగం చేసే మావారు సాయంత్రం రైలు దిగి రాగానే, కాఫీ కూడా ఇవ్వకుండా జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాను. మేడం ముఖం ఎలా మాడిపోయిందో చూపించి మరీ చెప్పాను. అమ్మాయి గదిలోంచి వచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నిన్న వాళ్లు దాచారు. ఇవాళ నువ్వు అందరికీ చూపించావు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు" అంది.

"నీ కోసమే కదే! నువ్వు బతకాలని మొక్కుకున్నాను."

"మొక్కుకుంది నువ్వు కదా. మరి నీ జుట్టెందుకు ఇవ్వలేదు?"

"ఇచ్చానే, నేనూ ఇచ్చాను."

"మూడు కత్తెర్లు" అంది అది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, నా జడ కొసన కత్తిరించింది ఎంతో వాళ్ల నాన్నకు చూపించింది.

మావారు తల దించుకున్నారు. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది నాకు. అది నా చెంపేనని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.