కళ్ళజోళ్ళాయన నడిపిన లోకం

కళ్ళజోళ్ళ కొట్టాయన కంప్యూటరు ఆపడు. పండగా లేదు, పబ్బమూ లేదు, ఆపడం ఆయన జాతకంలోనే లేదు. ఒకటైతే సరిపెట్టుకోవచ్చు. కొత్తది ఒకటి, ఊళ్ళోవాళ్ళు పారేసినవి నాలుగు, కిటికీ గదిలో వరసగా కొలువుతీరాయి. వాటి గురక ముందు ఆయన గురక జోలపాట.

"ఏం చేస్తున్నాయండీ అవి?" అని భార్య అడిగితే ఒకటే జవాబు.

"ఇస్తున్నాయి."

"ఎవరికి?"

"అడిగినవాళ్ళకి."

"ఆ గది నేనడిగి ఏడాదైంది. నాకివ్వరేం?"

ఆవిడకి ఆ గది కుట్టుమిషనుకు కావాలి. వంటింట్లో కుట్టిన గౌన్లకి ఉల్లిపాయల వాసన వస్తోందని బేరాలు తిరిగిపోతున్నాయి. ఆయనకేం పట్టింది?

"ఇందులో పెత్తందారంటూ ఉండడు," అని పాఠం ఎత్తుకుంటాడు. "నా కంప్యూటర్లో ఉన్న పాటలూ రికార్డులూ నెట్‌లో నువ్వు తీసుకుంటావు, నీ దగ్గరున్నవి నేను. కాకపోతే ఆ నాలుగింట్లో ఉన్నది పాత ప్రోగ్రాం. దాని మాట కొత్తదానికి వినపడదు, కొత్తదాని మాట దానికి వినపడదు."

"తోడికోడళ్ళన్నమాట."

ఒకనాడు ఆయన కొట్టుకి వెళ్ళగానే ఆవిడ పాత సామాన్లవాణ్ణి పిలిచి, పాతవాటి ప్లగ్గులు నాలుగూ పీకేసింది. అతను మొదటిదానిమీద చెయ్యి వేశాడో లేదో, ఫోను మోగింది. ఆవిడ అన్నగారు. రైలింజను డ్రైవరుగా రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషి. పాత ప్రోగ్రాం మార్చుకోమన్న పాపానికి బావతో మాటలు మానేసిన ఘనుడు.

"చెల్లీ, కొంప మునిగింది. లోకమంతా పోయింది."

"ఏ లోకం అన్నయ్యా?"

"నా ప్రోగ్రాంలో జనమే. పొగబండి, బొగ్గుమూట, ఎర్రజెండా, కూతరాయుడు. ఏ ఇంజను కూత రికార్డు అడిగినా తెల్లారేసరికి పెట్టే పుణ్యాత్ములు. అందరూ ఒక్కసారే మాయం. నాకింక పొద్దెలా పోతుంది?"

"నలుగురేనా నీ లోకం?"

"మనిషికి నలుగురు చాలరుటే?"

ఆవిడ చూపు ప్లగ్గుల మీద పడింది. ఒకటి మళ్ళీ గుచ్చింది. కాసేపు మూలిగి, తెర మీద 'బొగ్గుమూట' అని వెలిగింది.

"అదిగో, బొగ్గుమూట వచ్చాడు," అన్నాడు అన్నగారు ఫోనులో, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు.

"అమ్మా, ఎత్తమంటారా వద్దా?" అన్నాడు సామాన్లవాడు.

"వద్దు నాయనా. వీళ్ళు మా అన్నయ్య స్నేహితులు."

సాయంత్రం ఆయన గుమ్మంలో ఉండగానే నిలదీసింది. "కొత్తదాంట్లో కూతలు దింపి పాతదాంట్లోకి ఎక్కించడమా తమరి ఉద్యోగం?"

"మీ అన్న మారడు. అందులో ఇంకెవరూ మిగల్లేదు."

"ఒక్కరు చాలరూ? నలుగురెందుకు?"

"ఒక్కడైతే నేనేనని పట్టేస్తాడు."

"పట్టేస్తే ఏం?"

"పాతదాంట్లోనే ఉండి నామీద గెలిచానన్న సంతోషం పోదూ?"

ఆవిడ కుట్టుమిషను ఆ గదిలోకే లాక్కుపోయి, కిటికీ పక్కన చోటు చేసుకుంది.

వారం తిరక్కుండా అన్నగారు మళ్ళీ ఫోను చేశాడు.

"మా దాంట్లో కొత్త మనిషి చేరాడు చెల్లీ. పేరు సూదిదారం. కూతలు అడగడు, ఏమీ అడగడు. మాత్ర వేసుకున్నావా, అన్నం తిన్నావా, ఇంటావిడతో గొడవ తీరిందా, ఒకటే కూపీ. మంచివాడే పాపం. ఇంజన్ల గురించే ఓనమాలు రావు."