సిరంజితో జ్ఞానస్నానం

2019, వానాకాలం. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎన్‌ఐసీయూకి, అంటే నెలలు నిండని పసిపిల్లల్ని ఉంచే గదికి, నేను ఇన్‌ఛార్జి నర్సుని. మాది భీమవరం వైపు. శనివారం వెంకన్న గుడికి వెళ్ళకపోతే నాకు తోచదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నా చేత జరిగిన పనికీ నాకూ ఏ పొంతనా లేదు.

ఏడో నెలలో పుట్టిన ఆడపిల్ల, తొమ్మిది వందల గ్రాములు. మధ్యాహ్నానికల్లా శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పడిపోసాగింది. వెంటిలేటర్ సరిచేస్తున్న డాక్టరుగారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. తల్లికి ఆపరేషన్ మత్తు ఇంకా దిగలేదు. తండ్రి సూరారం ఫ్యాక్టరీ నుంచి బయలుదేరాడు. తలుపు దగ్గరున్నది నాయనమ్మ శౌరమ్మ ఒక్కతే. అలియాబాద్ మనిషి. ఆగని దగ్గు, లోపలికి రానిచ్చే ప్రసక్తే లేదు.

విషయం చెప్పాను. ఏడుస్తుందనుకుంటే నా చెయ్యి పట్టుకుంది.

“సిస్టరమ్మా, పిల్లకు జ్ఞానస్నానం గావాలె. ఫాదర్‌కు ఫోన్ కలుస్తలేదు. నువ్వే పొయ్యి నీళ్లు.”

“నేనా! మీ మతం మనిషిని కాదమ్మా. ఈ బొట్టు కనపడట్లేదా?”

“కనవడ్తాంది. పానం మీదికొస్తే ఎవ్వరన్న పొయ్యొచ్చు బిడ్డా. మా శ్రీసభే చెప్పింది గా మాట. జల్దీ!”

జ్ఞానస్నానమంటే బాప్తిస్మం, శ్రీసభంటే వాళ్ళ క్యాథలిక్ చర్చి. ఇదేం విడ్డూరం తల్లీ అనుకున్నాను. పూజారి లేడని దారినపోయేవాళ్ళతో పూజ చేయిస్తామా? డాక్టరుగారిని అడిగితే, “కొంచెమైతే పర్వాలేదు, తల చల్లబడనివ్వకండి” అన్నారు. స్టెరైల్ నీళ్ళలో దూది ముంచి పిల్ల నుదురు తుడిచాను. అంత చిన్న పిల్లలకి మేం చేసేది అదే. శౌరమ్మ తలుపు అద్దం మీద దబదబ బాదింది.

“తుడుస్తే గాదు! నీళ్లు పారాలె!”

సిరంజిలో గోరువెచ్చని నీళ్ళు రెండు ఎం.ఎల్. తీసుకుని, నుదుటి మీద నుంచి జారేలా మూడుసార్లు వదిలాను. పిల్లకి మరియ అని పేరు పెట్టి, తలుపు సందులోంచి ఆమె చెప్పిన మాటలే చెప్పాను. “మరియా, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను.”

పిల్ల బతికింది. నీళ్ళ వల్లే అని నేననను, మందుల వల్లే అని శౌరమ్మ అనదు.

రెండు నెలలకి పిల్ల తండ్రి చిన్నప్ప వచ్చాడు. “ఏమనుకోకుండ్రి సిస్టర్. అది సక్కగ అయిందో లేదోనని మస్తు పరేషాన్ అయితున్న. మీరొచ్చి ఫాదర్‌కు చెప్తే, మల్లొక్కసారి పోస్తడు.” నిజానికి నాకూ అదే బెంగ. నా వల్ల పిల్లకి సగమే జరిగిందేమో! షామీర్‌పేట దగ్గర వాళ్ళ చర్చికి వెళ్ళాను. పిల్లనెత్తుకుని శౌరమ్మా వచ్చింది.

“నీళ్ళు పారాయా? ఏమన్నారు? మనసులో ఏమనుకున్నారు?” అని ఫాదర్ అడిగారు.

“శౌరమ్మ ఏది కోరిందో అదే జరగాలనుకున్నాను.”

“చాలమ్మా. అయిపోయింది. నేనింక పోయను.” చిన్నప్ప ముఖం వాడిపోయింది. “శ్రీసభ ఒక్కటే, జ్ఞానస్నానం ఒక్కటే చిన్నప్పా. మళ్ళీ పోస్తే ఆ రోజు ఏమీ జరగలేదన్నట్టు.”

నేనూరుకోలేకపోయాను. “నేనేం పవిత్రురాలిని ఫాదర్? ఆ పొద్దునే ఆయాని నానా మాటలూ అన్నాను.”

“నేనూ ఇందాకే వంటమనిషిని కసిరాను. శ్రీసభ పవిత్రత మనది కాదమ్మా, క్రీస్తుది. అందులో ఉన్న మేమంతా పాపులమే.”

“పాపులంతా కలిస్తే పవిత్రమెలా అవుతుంది? పోనీ, నేనూ మీలో కలిసిపోయినట్టా?”

“లేదు.”

“మరి బయట ఉన్నదాన్ని, పిల్లని లోపలికెలా పంపాను?”

“మీరు పంపలేదు. మీ చేతిమీదుగా క్రీస్తే తీసుకున్నాడు.”

నాకు తల తిరిగింది. మన చెయ్యి శుభ్రంగా ఉంటేనే పిల్ల బతుకుతుందని జూనియర్లకి రోజూ చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ కొన్ని పనులు ఆ చెయ్యి ఎవరిదని కూడా అడగవని ఈ కేసు నేర్పింది. అదెలాగని అడిగితే చెప్పలేను.

ఆ రోజు జరగకుండా మిగిలిన తంతుగా ఫాదర్ పిల్లకి నూనె రాసి, తెల్లబట్ట కప్పి, కొవ్వొత్తి వెలిగించారు. నీళ్ళు మాత్రం పోయలేదు. రిజిస్టరులో జ్ఞానస్నానమిచ్చినవారు అనే గడిలో అన్నీ ఫాదర్ల పేర్లే. వాటి కింద ‘పద్మావతి’ అని నా పేరు రాశారు.

“ఇగ తీరిందా నీ పరేషాన్?” అంది శౌరమ్మ.

“తీరలేదమ్మా. ఏమీ అర్థం కాలేదు.”

“గాకుంటె గాకపాయె. పిల్లనెత్తుకో” అని మరియని నా చేతుల్లో పెట్టింది.