మాటల్లేని రికార్డు మీద గీత

నలభై ఏండ్లుగా ఒక మనిషి పేరు నా నోటితో పలకలేదు. మస్తాన్. పలికితే దాని వెనకాలే నిజం గూడా వచ్చేస్తుందని భయం. ఆ బరువు ఇంక మోయలేను, ఈ పొద్దు మీకు రాసి చెప్తాండా. జాలిపడమని కాదు. మొత్తం విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టండి. కానీ తిట్టాల్సిన దానికే తిట్టండి.

పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్త. అనంతపురంలో మా ఇంటి ముందరి గది ఒక బోరింగు ఇంజనీరుకు బాడిగకిచ్చినాము. వరసగా వానల్లేవు. ఆయన పొద్దున్నే జీపులో కంబదూరు దిక్కు బోర్లు వేయించేకి పోతే, దీపాలు పెట్టే పొద్దుకు వచ్చేవాడు. ఆయనకు వంట చేసి గది చూసుకునేవాడు మస్తాన్. యాడికి అనే ఊరి మనిషి. నాకన్నా పెద్దోడే అయినా, ఇంటామెనని నన్ను అక్కా అనేవాడు. మధ్యాన్నం బజారుకు పోతా గది తాళంచెవి నా చేతికిచ్చేవాడు.

ఒక ఆదివారం గోడ అవతల నుంచి ఆ సంగీతం వినపడింది. జాజ్ అంట, అమెరికాలో నల్లోళ్లు కనిపెట్టిందంట. ఇంజనీరు మా ఇంటాయనకు చెప్తాంటే విన్నా. పెద్ద గ్రామఫోను రికార్డు, పాడేవాళ్లెవరూ లేరు. ముల్లు ఎట్ల పెడతాడో కిటికీలో నుంచి చూసి పెట్టుకున్నా. మరుసటి దినం అత్త నిద్రపోయినాక తాళం తీసినా.

దాంట్లో ఏముండాదని అడుగుతారా? నాకు తెలిసిన పాటలన్నీ నాకేదో ఒకటి చెప్పేవి. హారతి పాటైనా, పెండ్లి పాటైనా, తిరగలి పాటైనా, మొగుని మాట వినమనో, ఓర్చుకోమనో. దీనికి మాటల్లేవు. నాకు బుద్ధి చెప్పేవాళ్లు లేరు. అడుగున లావు తీగ ఒకటి, ఎవరో తీరుబడిగా నడిచిపోతాండినట్లు మోగేది. దాని మీద బాకా ఒకటి నాలుగు మాటలాడినట్లు ఆడి ఊరకుండిపోయేది. ఆ ఊరకుండడాన్ని తొందరపడి నింపేవాళ్లు లేరు. ఇంకొకడు ఆగి, విని, అప్పుడు అందుకునేవాడు. మా ఇంట్లో నేను మాట్లాడితే ఆగి విన్నోళ్లు లేరు. నేల మీద కూచోని, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకోని, ఎండాకాలమంతా విన్నా. మొగవాని గదిలో, పెండ్లైనదాన్ని, ఒక్కదాన్నే. తప్పా? కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు.

ఒకనాడు అత్త ఉన్నట్టుండి నన్ను పిలిచింది. గాబరాగా ముల్లెత్తబోతే చెయ్యి జారింది. రికార్డు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత పడింది.

ఆదివారం ఇంజనీరు చూసినాడు. తాళంచెవి ఉండేది మస్తాన్ దగ్గర. "నేను ముట్టుకోలేదు సార్" అన్నాడు మస్తాన్. ఇంజనీరు నమ్మలేదు. గీత పడిందని కాదు, అబద్ధం చెప్తాండాడని కోపం. పని మానేసి పొమ్మన్నాడు.

మస్తాన్ పెరట్లోకి వచ్చినాడు. నేను గిన్నెలు తోముతాండా.

"అక్కా, తాళంచెవి మీ చేతికిచ్చేవాణ్ణని నేను చెప్పలేదు. చెప్తే మీ ఇంట్లో ఏమైతాదో నాకు తెలుసు. ఊడ్చేకి పోయినా, చెయ్యి తగిలింది అనండి. అంత మాట చాలు."

"నాకేం తెలుసప్పా" అన్నా.

"మీకూ తెలుసు, నాకూ తెలుసు. సరే, కానీండి" అని ఎల్లిపోయినాడు.

ఎందుకట్ల అన్నా? అత్తకు భయపడి అని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నా. అది గూడా అబద్ధమే. ఆ మనిషి ఇచ్చిన సాకు నాకు సరిపోయేదే. కానీ ఆ సాకు చెప్తే అత్త నన్ను మళ్లా ఆ గది గడప తొక్కనీదు, నాకు ఆ సంగీతం దూరమైతుంది. అదీ నా మనసులో మెదిలింది. ఒక మనిషి కూడు ఒక పక్క, నా మధ్యాన్నాలు ఒక పక్క. నేను మధ్యాన్నాలే ఏరుకున్నా.

అవి గూడా దక్కలేదు. తాళంచెవి ఇంజనీరే జేబులో పెట్టుకోని పోయేవాడు. ఆదివారాలు ఆయన ఆ రికార్డు పెడితే, గీత పడిన చోట టక్కు టక్కుమనేది. గోడకు ఇవతల రొట్టెలు కాలుస్తా వినేదాన్ని. మస్తాన్ గుర్తొచ్చేవాడు. అయినా, ఆపితే బాగుండునని ఒక్కసారీ అనుకోలేదు.

అబద్ధాలకోరని పేరు పడినాక ఆఫీసర్ల ఇండ్లలో మస్తాన్‌కు మళ్లా పని దొరకలేదు. తన ఊరు యాడికికి పోయి నాపరాళ్ల గనిలో బండలు మోసినాడంట. నడుము పడిపోయి మంచాన పడినాడని విన్నా. అప్పుడైనా నోరు తెరవలేదు. మా ఇంటాయన కాలం చేసినాక ఆ యాడికి ఊరికి పోయినా. మస్తాన్ అప్పటికే లేడు. ఆయన కూతురు చెంబుతో నీళ్లిచ్చి, "ఎవరమ్మా నువ్వు?" అనింది. ఏదో పనిమీద వచ్చినా అని చెప్పి, నీళ్లు తాగి, బస్సెక్కినా.

ఆ సంగీతం విన్నందుకు నేను ఎవరి ముందరా తలొంచను. కావాలంటే మళ్లా వింటా. మస్తాన్‌కు చేసినదానికి క్షమాపణ ఎవరినడగల్ల? మీరు క్షమించినా ఆయన క్షమించినట్లు కాదు, కాబట్టి మీరేమీ అనాకండి. మస్తాన్ అబద్ధం చెప్పలేదు. గదిలోకి పోయింది నేను. ఆయన్ను తోసేసింది నేను. ఇంత మాట రాసేకి ఇంతకాలం పట్టింది. రాసినా. ఇప్పుడు కొంచెం ఊపిరాడతాండాది.