దసరాకు బొట్టు పెట్టిన మిషను

సోమవారం నుంచి కొత్తూరులో బట్టలు కుట్టే కంపెనీకి పనికి పోతున్నానని నా భార్య చెప్పింది. అడగలేదు, చెప్పింది. మంగళవారం పొద్దున అన్నం వడ్డిస్తూ, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నేను క్యాబ్‌లో ఎయిర్‌పోర్టుకు రెండు ట్రిప్పులు వేశాను. రెండోసారి ఎక్కిన పెద్దమనిషి ఏ గేటు దగ్గర దిగాలో నాకు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటికి రాగానే వెనక గదిలో బియ్యం డబ్బా దించి, దాని కింద బల్లలా పడి ఉన్న కుట్టు మిషనును బయటికి లాగాను. నల్లటి పాత మిషను, కాళ్లతో తొక్కేది. నా భార్యకు కుట్టు నేర్పిన ఆమె మేనత్త దాని మీద ముప్పై ఏళ్లు పని చేసి, చూపు తగ్గాక ఆమె చేతికి ఇచ్చింది. నా ఆలోచన ఒక్కటే. ఆదివారం లోపల మిషను బాగైతే ఆమె ఇంట్లోనే కుట్టుకుంటుంది, కొత్తూరు పోదు.

అది మూలన పడింది నా వల్లే. పెళ్లయిన కొత్తలో మా ముందు గదిలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కొలతలిస్తూ, ముచ్చట్లు పెడుతూ ఉండేవాళ్లు. ఒకరోజు చాయ్ హోటల్లో మా వాడకట్టు మనిషి ఒకాయన అందరి ముందు అన్నాడు: "ఏం తమ్మీ, మా ఇంటామె పొద్దుందాక మీ ఇంట్లనే ఉంటుంది. మీ ఇంటామె కుడితే గుండీలు నువ్వు పెడుతున్నవంట గద!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి పోయి, జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినామె వెళ్లేదాకా ఆగి, కూరగాయల కత్తితో మిషను తోలు బెల్టు కోసేశాను. "ఇగ మన ఇంట్ల కిరాయి కుట్టుడు బంద్" అన్నాను. ఆమె సగం కుట్టిన జాకెట్టును రెండు రోజులు కూర్చొని చేత్తో పూర్తి చేసి ఇచ్చింది. కొట్టలేదు కదా, తిట్టలేదు కదా అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంకో సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రతి దసరాకు కారు కడిగి, పారా, గడ్డపారా, స్పానర్లూ వరసగా పెట్టి పూజ చేసేటప్పుడు, ఆ మిషనుకు కూడా చేసేవాణ్ణి. పసుపు తడిపి పైనుంచి కిందిదాకా పూసి, కుంకుమ బొట్లు పెట్టేవాణ్ణి. తుప్పు పట్టకూడదని చిల్లుల్లో దీపం నూనె పోసేవాణ్ణి. ఆమె వెనకాల హారతి పళ్లెం పట్టుకొని నిలబడేది. ఆమెను తొక్కనివ్వని మిషనుకు నేనేమో దండం పెట్టేవాణ్ణి.

బుధవారం చూస్తే చక్రం బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. ఈ రోజుల్లో కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుంది? బండిలోంచి సీసాడు పెట్రోలు తీసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. బెల్లం పాకం మాడినట్టు గోధుమరంగు జిగురు ఊడి వస్తోంది.

"ఇల్లంతా పెట్రోల్ బంకు చేసినవ్. స్టవ్ ముట్టియ్యాలంటే భయమైతుంది" అంది నా భార్య.

"జర ఓపిక పట్టు. రేపటికల్ల తిరుగుతది."

"నాకేం తొందర?" అంది.

గురువారం చక్రం పావు వంతు తిరిగింది. డ్యూటీ వదిలేసి శంషాబాద్ బజారులో పాత మిషన్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి పోయాను.

"ఏం నూనె పోసినవ్ అన్నా?" అన్నాడు.

"దీపం నూనె. ఒకసారి కొబ్బరి నూనె గూడ."

"మిషిన్‌కు తలంటు పోసినవా? సీకాయ గూడ రుద్దకపోయినవ్!" అని దగ్గొచ్చేదాకా నవ్వి, మిషను నూనె, కొత్త బెల్టు, సూదులు ఇచ్చాడు. "పాత బెల్టు ఎట్ల తెగింది?"

"పాతది గద, అదే తెగింది" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత, నన్నెరగని మనిషి దగ్గర కూడా అబద్ధమే వచ్చింది నోట్లోంచి.

శుక్రవారం కొత్త నూనెతో చక్రం పూర్తిగా తిరిగాక, బెల్టు ఎక్కించి పాత చొక్కా చెయ్యి మీద కుట్టి చూశాను. పైన కుట్టు బాగానే ఉంది. తిప్పి చూస్తే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా పడి చిక్కుపడింది. కింది దారం చుట్టి ఉండే బాబిన్ తీశాను, పెట్టాను. దాని మర బిగించాను, వదులు చేశాను. సూది మార్చాను. శనివారం బాబిన్ కింది భాగమంతా విప్పి పేపరు మీద పరిచాను. ఫోను మోగుతూనే ఉంది, ఒక్క ట్రిప్పూ తీసుకోలేదు. లోపల ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది: "ఏడింటికా? ఆటో మన గల్లీ దాక వస్తదా, రోడ్డు మీదికి రావాల్నా?" నా చేతిలో మర జారి గచ్చు మీద ఎటో దొర్లింది. మోకాళ్ల మీద పాకుతూ వెతుక్కున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి కూడా అవే ఉచ్చులు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"లే" అంది.

లేచాను. గుడ్డ తిప్పి ఒక్కసారి చూసింది. "కింద ఉచ్చులు పడితే పైదారానికి పట్టు లేనట్టు. నువ్వు మూడు దినాల సంది కిందనే కెలుకుతున్నవ్. గా రేకులు ఇప్పు."

మిషను ముందు వైపు పైదారాన్ని నొక్కిపట్టే రెండు గుండ్రటి రేకులు ఉంటాయి. వాటి మర విప్పాను. మధ్యలో పసుపు, కుంకుమ, నూనె కలిసి గట్టిపడి, బిళ్ల కట్టి ఉంది. అందుకే రేకులు దగ్గరికి రావడం లేదు, దారం ఊరికే జారిపోతోంది. ఆమె తలలోంచి పిన్ను తీసి పొరలు పొరలుగా గీకింది.

"ఏడాదికో పూత" అంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారమే."

"చెప్పొచ్చు గద!"

"అడిగినవా?"

దారం ఎక్కించి ఆమె కూర్చుంది. కాలు పెట్టగానే మిషను నడిచింది. నేను తొక్కితే ముందుకూ వెనక్కీ కొట్టుకున్న చక్రం ఆమె కాలికి ఒకే తీరుగా తిరిగింది. కుట్టు రెండు వైపులా సన్నగా, సమంగా వచ్చింది. నేను ఆగలేకపోయాను.

"ఇగ కొత్తూరు ఎందుకు? ముందు గది నీకే ఇస్త. ఇంట్లనే కుట్టుకో."

మిషను ఆగింది. "అప్పుడు కుట్టద్దంటివి. ఇప్పుడు ఇంట్లనే కుట్టంటున్నవ్. రెండూ నువ్వే అంటివి."

ఆదరంగా చెప్పానని అనుకున్నాను. అప్పుడు కత్తి తీసిన చెయ్యే ఇప్పుడు నూనె డబ్బా పట్టుకొని కూర్చుందని, ఆమె ఆ మాట అన్నాక గానీ నాకు తట్టలేదు. ఐదు రోజులు నేను బాగు చేసింది ఆమె కోసం కాదు.

"బెల్టు కోసుడు తప్పే" అన్నాను. అంతలో ఇంటి మీదుగా విమానం పోయింది. విమానం పోయేటప్పుడు మాట ఆపి, పోయాక అందుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే. ఆ చప్పుడులో మిగతా మాట మింగేద్దామనుకున్నాను. అది దాటిపోయింది. ఆమె నా వైపే చూస్తోంది.

"తప్పు చేసిన" అన్నాను మళ్లీ. "ఇప్పుడు గూడ గదే చేస్తున్న."

"ఇన్నేండ్లు పట్టిందా?" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. "కత్తెర అందుకో. గా నీ పాత ప్యాంటు గూడ."

ప్యాంటు కాలు మోకాలి దాకా కత్తిరించి, అంచు మడిచి, మిషను కింద పెట్టింది.

"ఏం కుడుతున్నవ్?"

"టిఫిన్ డబ్బాకు సంచి. రేపు ఏడింటికి ఆటో వస్తది."

గుడ్డ బరువుకు కిందికి జారుతుంటే, రెండో కొస పట్టుకొమ్మంది. ఆమె ఎంత లాగితే అంత వదులుతూ పట్టుకున్నాను.