నక్క ముఖం చూపిస్తానన్న బావ

మొన్న మంచు కురిసిన రోజున, ఇక్కడ లీడ్స్‌లో మా జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో, బీపీ చూపించుకోవడానికి కూర్చుని ఉంటే, పక్క కుర్చీలోని తెల్లాయన ఫోన్‌లో ఏదో వీడియో పెట్టాడు, అందులోంచి దెబ్బతిన్న కుందేలు అరుపు ఒక్కసారిగా గదంతా వినిపించింది. ఆయన కంగారుగా ఫోన్ ఆపి అందరికీ సారీ చెప్పాడు. మంచులో చిన్న పెట్టె ఒకటి పెట్టి, మీట నొక్కి ఆ అరుపుతో నక్కల్ని రప్పించి కాలుస్తారట. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే పెదాల దాకా వెళ్ళి ఆగింది.

ఎందుకంటే ఆ అరుపు ఏ పెట్టె లేకుండానే నాకు వచ్చు. మహబూబ్‌నగర్ వైపు మా ఊళ్ళో మేనమామ నేర్పాడు. చేతి వెనక చర్మాన్ని పెదాలతో గట్టిగా పీలిస్తే సన్నగా కీచుమంటుంది. నక్క ముఖం చూస్తే పని అవుతుందని మనవాళ్ళ నమ్మకం, మన వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు కదా. పరీక్షలప్పుడల్లా మామ తెల్లవారగానే నన్ను చేను గట్టుకు తీసుకెళ్ళి, కూత పెట్టించి, నక్క తొంగి చూడగానే నవ్వుకుంటూ ఇంటికి తోలుకొచ్చేవాడు. పాసైతే ఘనత నక్కది, తప్పితే తప్పు నాది.

డాక్టరుగా ఈ దేశం వచ్చిన కొత్తలో అక్కాబావల దగ్గర ఉన్నాను. బావ కూడా డాక్టరే, యార్క్‌షైర్‌లో గొర్రెల ఫారాల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాడు. బావంటే నాకు ప్రాణం. డ్యూటీల రోటాలో సెలవు ఎలా అడగాలో, వార్డు సిస్టర్‌కు కోపం రాకుండా ఎలా మాట్లాడాలో అన్నీ ఆయనే నేర్పాడు. ఆయనకున్న దిగులల్లా ఒక్కటే, ఊరి పబ్బులో తెల్లవాళ్ళు పలకరిస్తారే గాని తమ బల్ల దగ్గర కూర్చోమనరని.

ఒక చలికాలం, నా పర్మనెంట్ పోస్టు ఇంటర్వ్యూకు ముందురోజు, టీ తాగుతుండగా బావ, “ఏం బామ్మర్ది, అట్ల పోయి నక్క మొఖం చూసొద్దాం పా. రేపు నీ పని మంచిగైతది” అన్నాడు. పొద్దున కదా చూడాల్సింది అంటే, ఈ దేశపు నక్కలకు ఆ పట్టింపులు లేవన్నాడు. నవ్వుకుంటూ బూట్లు వేసుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఒక రాతిగోడ పక్కన, పాదాలు కూరుకుపోయే మంచులో కూర్చుని, గ్లవ్ తీసి కూత పెట్టాను. చాలాసేపటికి ఒక ఎర్రటి నక్క చెవులు నిక్కించి, ఆగి ఆగి వచ్చి, నేరుగా నా వైపు చూసింది. ముఖం చూశానన్న సంతోషంతో బావ వైపు తిరిగితే, ఆయన రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఉన్నాడు. ఎందుకా అనుకునేలోపే తుపాకీ పేలింది.

కాస్త దూరంలో గోడ వెనక నుంచి ఫారం యజమాని లేచి వచ్చి, బావ భుజం తట్టి, శనివారం పబ్బుకు తమతో రమ్మన్నాడు. గొర్రెలు ఈనే కాలం దగ్గరపడుతోంది, పిల్లల్ని కాపాడుకోవాలి, ఆయన మీద నాకు కోపం లేదు. నేనూ అంతా తెలిసే వచ్చాననుకున్నాడు పాపం. కోపమంతా బావ మీదే. అడిగి ఉంటే వద్దనేవాణ్ణో సరేననేవాణ్ణో చెప్పలేను, అసలు అడగలేదు. మామ నేర్పిన విద్యనూ నా నమ్మకాన్నీ ఎరగా వేసి పబ్బులో కుర్చీ సంపాదించుకున్నాడు. దారంతా నేను వెనకబడి నడుస్తుంటే చలికనుకున్నాడు. అక్కతో చెబితే, “మీ బావ నలుగుర్ల కలవాలని చేసిండు, మనసుల పెట్టుకోకురా” అంది.

ఉద్యోగం వచ్చింది. బావ ఇంట్లో విందు పెట్టి, వచ్చిన ప్రతివాళ్ళకూ మా బామ్మర్ది నక్క తోక తొక్కిండని చెబుతుంటే నేను కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

బావకిప్పుడు ఎనభై దాటాయి, లీసెస్టర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన మీద ప్రేమ పోలేదు, అదే నా బాధ. ఫోన్ చేసి ఊరికే భోజనానికి రమ్మన్నా, ఎందుకు, ఇంకెవరొస్తున్నారు అని అడిగాకే బయల్దేరతాను; “ఇంత అనుమానం ఎక్కడ నేర్చినవుర” అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోతాడు. మన రోజుల్లో ఇంటి పెద్ద పద అంటే ఎక్కడికని అడిగేవాళ్ళం కాదు, అడగడం మర్యాద కాదు. ఇప్పటి పిల్లలు వెళ్ళాల్సిన చోటు పోస్ట్‌కోడ్ పంపితే గాని కదలరు, వాళ్ళను నేను తప్పుపట్టను. కానీ ఊరికే రమ్మంటే ఊరికే వెళ్ళే ఒకప్పటి ఆ బామ్మర్ది మీద నాకిప్పటికీ బెంగ. ఆ గోడ దగ్గరే ఉండిపోయాడు, ఎవరు పిలిచినా ఇక రాడు.