పేరు రాయండి

సెతో సముద్రం ఒడ్డున ఉన్న ఆ రేవు పట్నంలో, నగరసభ ఎన్నికల్లో సెరిజావా హత్సుయె ఓడిపోయిన మర్నాటి నుంచీ చేపల బజారులో ఒకటే మాట.

"ముసలమ్మలకి అక్షరాలు నేర్పుతానని కూర్చోబెట్టి, తన పేరొక్కటే దిద్దించిందట! మూడుసార్లు అలాగే గెలిచింది. ఈసారి పాచిక పారలేదు."

పన్నెండేళ్లుగా హత్సుయె ఆఫీసులో పనిచేస్తున్న తజుకో ఆ మాట విని, కొన్న చేప అక్కడే మరిచిపోయి వచ్చేసింది.

హత్సుయె మొదట సినిమా హాళ్లకి బోర్డులు గీసేది. నిచ్చెనెక్కి, హీరో ముక్కు ఒక్కటే మనిషంత ఎత్తున వేసేది. హాళ్లు ఒక్కొక్కటీ మూతబడ్డాక నగరసభకి నిలబడింది. ఉపన్యాసాలు ఆమెకి చేతకావు. పడవల మెట్ల దగ్గర దీపం కావాల్సి వస్తే, చీకట్లో జారిపడుతున్న మనిషి బొమ్మ గీసి సభలో గోడకి అంటించింది. తోటి సభ్యులు నవ్వారు. నవ్వుతూనే దీపానికి ఒప్పుకుంటూ చేతులెత్తారు.

గురువారాలు మాత్రం చేపల సంఘం మేడమీద, యుద్ధం రోజుల్లో బడి మానేసిన ముసలమ్మలకి రాత నేర్పేది. కూర్చోగానే ఎవరి పేరు వాళ్లు రాయాలి. "పేరు రాయండి" అని ఆమె అంటే తరగతి మొదలైనట్టే.

ఈసారి ఆమె మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. అక్కడ అభ్యర్థి పేరు ఓటరే చీటీ మీద సొంత చేత్తో రాయాలి. హత్సుయె తరఫున లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్న తజుకో, చెల్లని చీటీల్లో నాలుగింటిని చూసి గుర్తుపట్టింది. నాలుగూ కిందటేడు తరగతిలో చేరిన ముసలమ్మల పేర్లు. ప్రతి గీత చివరా హత్సుయె నేర్పినట్టే నొక్కి ఆపి ఉంది. ఆ సంగతి హత్సుయెకి ఒక్కదానికే చెప్పింది.

గురువారం కికునో అవ్వ మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది.

"టీచరమ్మా! ఇన్నాళ్లూ నా ఓటు అక్కడి గుమాస్తా రాసేవాడు, సిగ్గుతో చచ్చేదాన్ని. ఈసారి నేనే రాస్తానన్నా. 'సరే, పేరు రాయండి' అన్నాడు. రాసేశా! చెయ్యి వణికితే ఒట్టు!"

"నీ చెయ్యెందుకు వణుకుతుందే, నువ్వు నొక్కిన నొక్కుడికి బల్ల వణికుంటుంది" అంది పక్కావిడ.

అందరూ నవ్వారు. హత్సుయె కూడా నవ్వి, "మీరు రాస్తే గీత తప్పుతుందా అవ్వా" అంది.

తజుకో ఉండబట్టలేక ఆమెని వసారాలోకి పిలిచింది.

"బజారంతా మిమ్మల్ని ఆడిపోసుకుంటోంది. నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి."

"చెబితే నా పేరు బాగుపడుతుంది. వీళ్లు మాత్రం మళ్లీ పెన్సిలు ముట్టరు. వద్దు తజుకో."

తజుకో లోపలికొచ్చి కాగితాలు పంచింది. ఆ తరగతి మొదలై పదకొండేళ్లు. అక్కడ ఎవరికీ ఒక్కసారైనా సెరిజావా హత్సుయె పేరు రాయడం నేర్పలేదు.